నల్ల వైరు

మొన్న శనివారం ఇర్వింగ్‌లోని మా తెలుగు చర్చి వంటగది తలుపు తీయగానే నానిన మినపప్పు వాసనా, వేడెక్కిన మోటారు వాసనా కలిసి గుప్పుమన్నాయి. మర్నాడు ఈస్టరు. గ్రైండర్ గుర్రుమంటుంటే ఆ రొదను మించి అరుచుకుంటూ ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకుంటున్నారు. నాకు కరుణ ఆంటీ గుర్తొచ్చారు. ఆవిడ పోయి రెండేళ్ళు దాటింది. పోయినవాళ్ళు గుర్తొస్తే కళ్ళలో నీళ్ళు రావాలంటారు గానీ, నాకు మాత్రం ఆవిడ తలపుకొస్తే నవ్వొస్తుంది. ఆ నవ్వు వెనకాల ఒక పాత మోటారు ఉంది.

ఆంటీ గుంటూరులో లెక్కల టీచరుగా రిటైరై ఇక్కడ అమెరికాలో కొడుకు దగ్గరికి వచ్చారు. తనకి తెలియని పని ఎక్కడ దొరుకుతుందా అని చూస్తుండేవారు. కుట్టుమిషను ఆగినా, కారు అద్దం దిగకపోయినా "నాకు తెలీదు, చూద్దాం పదండి" అంటూ చీర కొంగు దోపుకునేవారు. నేను అప్పటికి పెళ్ళై కొత్తగా వచ్చాను. ఆఫీసు మీటింగుల్లో అర్థం కాకపోయినా తలూపుతూ కూర్చునే రకం. తెలియదని ఇంత సంబరంగా చెప్పే మనిషిని అంతకుముందు చూడలేదు.

ఈస్టరు తెల్లవారుజామున ఆరాధన, ఆ వెంటనే ఇడ్లీ, కోడికూర. ఇది మా చర్చి ఆనవాయితీ. పిండి శనివారం అందరం కలిసి రుబ్బుకోవాలి. నేను వచ్చిన ఏడు సరిగ్గా ఆ శనివారం పొద్దున్నే గ్రైండర్ మోటారు కాలిపోయింది. భోజనాలు చూసే ప్రసాదరావు అంకుల్‌కి మంచి సాకు దొరికింది. "ఈసారి కేటరింగ్‌కి ఆర్డర్ ఇచ్చేద్దాం. ప్రతి ఏడూ ఈ తిప్పలు ఎందుకు?" అన్నారు.

ఆంటీ ఒప్పుకోలేదు. "ఒక్కసారి కేటరింగ్ రుచి మరిగితే మళ్ళీ ఈ వంటగది ముఖం ఎవరూ చూడరు. ఈ కొత్త పిల్లలకి నలుగురూ పరిచయమయ్యేది ఇక్కడే కదయ్యా. పప్పు నానబోసేశాను. మధ్యాహ్నానికల్లా తిరగకపోతే అప్పుడు ఫోన్ చేసుకో" అన్నారు. ఆ కొత్త పిల్లల్లో నేనూ ఒకదాన్ని. ఆ శనివారం లేకపోతే ఈ ఊళ్ళో నాకు మనుషులే లేరు.

ఎవరి గరాజ్‌లోనో పడివున్న మోటారు ఒకటి, అది తిరగడం మొదలెట్టడానికి సాయపడే కెపాసిటర్‌తో సహా, తెచ్చి బిగించారు. మోటారు నుంచి మూడు వైర్లు బయటికి వచ్చాయి. మూడూ మసిబారి ఒకే రంగులో ఉన్నాయి. ఏది దేనికి కలపాలో రాసిన రేకు ఎప్పుడో ఊడిపోయింది. మగవాళ్ళు ఫోన్లలో తలో వీడియో పెట్టుకుని వాదించుకుంటుంటే ఆంటీ ఒక్కో వైరుకీ చీటీ అంటించారు. నాలుగు సువార్తల్లో మొదటి మూడింటి పేర్లు: మత్తయి, మార్కు, లూకా.

"మరి యోహాను?" అన్నాను.

"నాలుగో వైరు కనపడితే పిలుద్దాంలే. శాంతీ, నువ్విట్రా, నీ చున్నీ ఇయ్యి."

నా చున్నీ కొసనీ తన కొంగు కొసనీ కలిపి ముడేశారు. "మోటారు లోపల రెండు చుట్లు ఉంటాయే. ఒకటి ఎప్పుడూ తిప్పేది, ఇంకోటి మొదట్లో తోసేది. తోసేదాంట్లో తీగ సన్నం, కరెంటుని ఎక్కువ అడ్డుకుంటది. రెండూ కలిసే ఈ ముడి కామన్. ఇప్పుడు ఈ మీటరు పెట్టి, ఏ రెండు వైర్ల మధ్య ఎంత అడ్డుందో చూడు."

మత్తయికీ మార్కుకీ మధ్య నాలుగు చూపించింది. మార్కుకీ లూకాకీ ఏడు. మత్తయికీ లూకాకీ పదకొండు. నాలుగూ ఏడూ పదకొండు! పదకొండు చూపించినవి రెండు చుట్ల చివర్లు, అంటే ముడి మిగిలిన మార్కు దగ్గరుంది. తిప్పేది మత్తయి, తోసేది లూకా. నేనే గట్టిగా అరిచేశాను. చున్నీ ఇంకా ఆవిడ కొంగుకే ఉందన్న సంగతి మరిచి గెంతబోయి, ఇద్దరం పడబోయి నిలదొక్కుకున్నాం.

మత్తయికీ లూకాకీ మధ్య కెపాసిటర్ పెట్టాం. ఇక కరెంటు తీగ కలపాలి. కొత్త తీగలో నలుపు, తెలుపు, ఆకుపచ్చ ఉన్నాయి. "పచ్చది ఎర్త్. మన ఊళ్ళో కరెంటు ఎరుపులో వస్తుంది, నలుపులో తిరిగి వెళ్తుంది. నలుపు న్యూట్రల్, అది మారదు. ఇక్కడ ఎరుపు లేదు. అంటే కరెంటు వచ్చేది తెల్లదాంట్లో" అంటూ ఆంటీ తెల్ల వైరుని స్విచ్చికి బిగించారు. ప్లగ్గు గోడ దాకా వెళ్ళింది.

అంతకుముందు మా అపార్ట్‌మెంట్‌లో లైటు మార్చడానికి వచ్చినతను నల్ల వైరు చూపించి, కరెంటు ఇందులోనే ఉంటుంది, దగ్గరికి రావద్దని చెప్పాడు. కానీ ఆవిడ పెద్దావిడ, పైగా టీచరు. చుట్టూ ఇంతమంది. వాళ్ళందరి తడి చేతులూ చూశాక ఆగలేకపోయాను.

"ఆంటీ, ఆగండి. అది తప్పనుకుంటా. ఇక్కడ కరెంటు నలుపులో వస్తుంది."

ఆంటీ ప్లగ్గు కింద పెట్టి, నా వైపు పూర్తిగా తిరిగి, "చెప్పు" అన్నారు. చెప్పాను. ప్రసాదరావు అంకుల్ ఫోన్‌లో చూసి, "అమ్మాయి చెప్పిందే కరెక్టండీ" అన్నారు. అలాగే వదిలేసి ఉంటే గ్రైండర్ తిరిగేదే. కానీ స్విచ్ ఆపాక కూడా లోపలి వైర్లలో కరెంటు ఉండిపోయేది, తడి చెయ్యి తగిలితే ప్రాణం మీదికొచ్చేది.

"ఓరి దేవుడా, మన ఎరుపు ఇక్కడ నలుపైందా!" అని ఆంటీ పగలబడి నవ్వారు. వైర్లు మార్చి స్విచ్ వేస్తే మోటారు ఒక్కసారి మూలిగి గిర్రున తిరిగింది. చప్పట్లు కొట్టినవాళ్ళలో ప్రసాదరావు అంకులే ముందు.

మర్నాడు ఆరాధన అయ్యాక, ఇడ్లీల కోసం అందరూ లేవబోతుంటే ఆంటీ వెళ్ళి మైకు అందుకున్నారు. "నిన్న నేను నలుపూ తెలుపూ తారుమారు చేశాను. శాంతి ఆపింది. ఆపకపోతే ఈ ఏడు పునరుత్థానం కోసం మీకంటే ముందు నేను ఎదురుచూస్తుండేదాన్ని" అన్నారు. పాస్టరుగారితో సహా అందరూ నవ్వేశారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. అంతగా మళ్ళీ ఎప్పుడు ఆనందపడ్డానో చెప్పలేను.

ఇప్పుడు ఆఫీసులో నాకూ ఒక టీము ఉంది. అప్పుడప్పుడు కొత్తగా చేరిన పిల్లల్లో ఎవరో ఒకరు ఏదో చెప్పబోయి, నా మొహం చూసి మానేస్తుంటారు. అప్పుడు చేతిలో పని కింద పెట్టి, కుర్చీతో సహా వాళ్ళ వైపు పూర్తిగా తిరిగి, "చెప్పు" అంటాను.