పనిముట్ల బీరువాలో కవరు

మా పరిశోధన సంస్థ వర్క్‌షాపులో ఒక ఇనుప బీరువా ఉంది. పై అరలో మైక్రోమీటర్లు, కింది అరలో డ్రిల్ బిట్లు, మధ్య అరలో కవర్లు. ఆ కవర్లు మావి కావు. మూడో అంతస్తులో నీళ్ల ట్యాంకు పక్క గదిలో లెక్కలు చేసే ఆవిడవి. అందుకే మావాళ్లు ఆవిడకు కవర్లమ్మ అని పేరు పెట్టారు. ఎదురుగా మేడం, చాటుగా కవర్లమ్మ. ఆవిడకు తెలుసు, ఏమీ అనుకునేది కాదు.

ఆవిడ మా సంస్థలో టైపిస్టుగా చేరింది. భౌతికశాస్త్రం ప్రొఫెసర్ గారి కాగితాలు టైపు చేస్తూ చేస్తూ వాటిలో తప్పులు పట్టడం మొదలుపెట్టింది. పదేళ్లు తిరిగేసరికి టైపు మెషీను మూలపడింది, ఆయన లెక్కలన్నీ ఆవిడ చేతికొచ్చాయి. డిగ్రీ లేదు కనుక పరిశోధన పేపర్లలో ఆవిడ పేరు చివర, కృతజ్ఞతల వరుసలో ఉండేది.

ఆ పనేమిటో ఒకసారి నాకు అర్థమయ్యేట్టు చెప్పింది. చిన్న చిన్న దూరాలకు వెళ్లేకొద్దీ గురుత్వం బలం పెరుగుతూ పోతుంది, చివరికి లెక్క చేతులెత్తేస్తుంది. అది అలా అంతు లేకుండా పెరగదని, ఒకచోట నిలకడగా ఆగుతుందని ప్రొఫెసర్ గారి నమ్మకం. అంత చిన్న దూరాన్ని చూసే యంత్రం లేదు. కానీ నిజంగా అలా ఆగితే, కణాలు ఇష్టమొచ్చినంత బరువు ఉండటానికి వీల్లేదు. ఆ ఆగిన చోటి నుంచి మనం కొలవగలిగే దూరాల దాకా మెట్టు మెట్టుగా లెక్క దించుకొస్తే, టాప్ క్వార్క్ అనే బరువైన కణం ఎంత బరువుండాలో ఒక సంఖ్య వస్తుంది. యంత్రాల దగ్గర కొలిచేవాళ్ల సంఖ్యతో అది కలవాలి. కలవకపోతే ఆ నమ్మకానికి చిక్కొచ్చినట్టే.

కొలత బయటికి రాకముందే ఆవిడ తన సంఖ్య రాసి, కవరు అంటించి, అంటించిన చోట సంతకం పెట్టి మా బీరువాలో పెట్టించేది. జవాబు ముందే చూసినవాడి చెయ్యి తనకు తెలియకుండానే అటు వంగుతుందనేది. ఆ సంఖ్యతో పనిలేనివాళ్లం మేమే కనుక మా దగ్గర దాచేది. మా బీరువాలోంచి సూది బయటికెళ్లినా రిజిస్టర్లో రాయాలి. కవరైనా అంతే.

నాలుగేళ్ల కిందట ఒక కొత్త కొలత వచ్చింది. అంతకుముందు వాటికన్నా నిక్కచ్చి కొలత. కవరు తెరిచారు. కలిసింది. ఆవిడ పేరు మొదటిసారి పేపరు పైభాగానికి ఎక్కింది.

ఈమధ్య ప్రొఫెసర్ గారు రిటైరయ్యే ముందు ఆ పనంతా పుస్తకంగా వేస్తున్నారు. దానికోసం ఆవిడ పాత లెక్కలు మళ్లీ చేస్తోంది. ఒక ఉదయం వర్క్‌షాపుకు వచ్చింది.

"మేస్త్రీ గారూ, నాలుగేళ్ల కిందటి రిజిస్టరు ఉందా?"

"పారేస్తే ఆడిట్ వాళ్లు నన్ను పారేస్తారు. ఏ నెల?"

చెప్పింది. వెతికితే దొరికింది. కవరు ఒకటి, ఉదయం పదకొండుకు తీసుకున్నారు, సాయంత్రం నాలుగుకు తిరిగి ఇచ్చారు. పక్కన ఆవిడ సంతకం. కవరు తెరిచిన రోజుకు మూడు రోజుల ముందు.

"ఎత్తి రాయడంలో తప్పు పడిందని తీసుకెళ్లారమ్మా. నాకు గుర్తే."

ఆవిడ స్టూలు మీద కూర్చుంది. లేత్ ఆపమని మావాడికి సైగ చేశాను.

"ఈ లెక్కకి అంతు లేదు మేస్త్రీ గారూ. కొన్ని ముక్కలు ఉంచుకుని మిగతావి వదిలేస్తాం. అప్పుడు నేను ఏడు ఉంచాను. ఆ వారం క్యాంటీన్‌లో పక్క బల్ల దగ్గర ఎవరో, ఈసారి బరువు కాస్త తగ్గిందట అన్నారు. అంతే. గదికెళ్లగానే నాకు ఏడో ముక్క మీద అనుమానమొచ్చింది. తీసేశాను. కవరు మార్చాను."

"అందులో తప్పుండబట్టే కదా?"

"ఉందనే అనుకున్నా. దొంగపని చేస్తున్నానని అనిపించలేదు, అదే నా బాధ. ఇప్పుడు మూడుసార్లు చేశాను. ఏడో ముక్కలో తప్పేం లేదు. దాన్ని కలిపితే కొలతతో కలవట్లేదు."

"అయితే ఆయన నమ్మకం తప్పన్నట్టా?"

"అదీ చెప్పలేను. ఎనిమిదోది ఎటు లాగుతుందో ఎవరికీ తెలీదు. కలిసిందని చెప్పే హక్కు మాత్రం నాకు లేదు."

రిజిస్టరు ఒంటరిగా గడప దాటకూడదు కనుక నేనూ పైకి వెళ్లాను. ప్రొఫెసర్ గారు ఆ పేజీని కళ్లజోడు తీసి మరీ చూశారు.

"వర్క్‌షాపు రిజిస్టరు ఎవరు చూస్తారమ్మా?"

"నేను చూశాను కదండీ."

ఆయన రిజిస్టరు మూసి నా చేతికిచ్చారు. "ఆ అధ్యాయం తీసేస్తే పుస్తకంలో మిగిలేది ముందుమాటే," అన్నారు. చెడ్డమనిషి కాదు. అధ్యాయం తీసేశారు. ఆవిడను మళ్లీ గదికి పిలవలేదు. ఆవిడ ఆ పేపరు వేసిన పత్రికకు ఒక పేజీ సవరణ పంపింది. దాని మీద ఆవిడ పేరొక్కటే ఉంది. పక్కన ఇంకెవరూ తమ పేరు పెట్టలేదు.

నెల తిరక్కుండానే ఉద్యోగం మానేసింది. సామాను తీసుకెళ్లడానికి వాళ్లాయన వచ్చాడు. ఆయనది కళ్లజోళ్ల షాపు, అద్దాలు స్వయంగా అరగదీస్తాడు.

"నా అద్దం పావు నంబరు తేడా వస్తే మనిషి తిరిగొచ్చి తిడతాడు. ఈవిడ కణాలు వచ్చి తిట్టవు కదా. ఎందుకు చెప్పుకుందో మీరన్నా అడగండి," అని నవ్వబోయాడు. ఆ నవ్వు నిలవలేదు. "ఇంట్లో ఒక్క మాట లేదండీ. కంచం ముందు కూడా కాగితం పెట్టుకుంటోంది."

ఆయన పెట్టెలు రిక్షాలో పెడుతుండగా ఆవిడ ఒక కవరు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఈసారి కవరు పైన పొందికైన అక్షరాలతో ఏయే ముక్కలు ఉంచిందో, ఏవి వదిలేసిందో రాసి ఉంది. సంఖ్య మాత్రం లోపల.

"ఎప్పుడు తెరవాలమ్మా?"

"ఇంతకన్నా బాగా కొలిచే యంత్రం వచ్చాక. దానికింకా పునాది కూడా తవ్వలేదు."

"అప్పటికి నేనుండను."

"నేనూ ఉండను. బీరువా ఉంటుందిగా."

రిజిస్టర్లో రాశాను. కవరు ఒకటి, ఫలానా తేదీన లోపల పెట్టడమైనది. తెరవాల్సిన తేదీ గడిలో ఏం రాయాలో తోచక ఖాళీగా వదిలేశాను. ఆవిడ ఆ గడిని చూసి, పక్కన సంతకం పెట్టింది. నేను తాళం వేశాక పిడి ఒకసారి లాగి చూసుకుని, గేటు వైపు వెళ్లిపోయింది.