పటంలో బిడ్డకు పెట్టిన చుక్క

దయ్యాలంటే నాకు ఎన్నడూ నమ్మకం లేదు. మా పేటలో ఎవరికైనా గాలి సోకిందంటే చూడటానికి కూడా పోయేదాన్ని కాదు. పొద్దంతా జొన్నచేలో నడుము వంచి పనిచేసేవాళ్లకు దయ్యాల కోసం తీరిక ఎక్కడిది? మిషన్ బడిలో ఐదు తరగతులు చదివినదాన్ని, దిష్టిని కూడా నమ్మలేదు. బిడ్డ చెంపకు కాటుక చుక్క పెట్టడం నాకు అలవాటు, అంతే. తల దువ్వినట్టే అదీ. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే నా కథంతా ఆ చుక్క గురించే.

మాది మానవపాడు. రెండో యుద్ధం నడుస్తున్న రోజులవి. అప్పటికే ఇద్దరు పిల్లల్ని మట్టిలో పెట్టాను. మూడోది రూతు. దానికి ఏడాది నిండకముందే విషజ్వరం వచ్చింది. ఇది బతికితే నలభై రోజులు దేవుని పని చేస్తానని మొక్కుకున్నాను. బతికింది. మొక్కు మాత్రం అట్లాగే ఉండిపోయింది. దానికి మూడో ఏడు వచ్చాక ఇక ఆలస్యం చేయకూడదనుకున్నాను.

బీచుపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున, మలబారు నుంచి వచ్చిన ఒక ముసలి సన్యాసిని చిన్న ఆశ్రమం పెట్టుకుని ఉండేది. అందరం అమ్మగారు అనేవాళ్లం. వయసులో ఉన్నప్పుడు యెరూషలేములో గ్రీకు సన్యాసినుల దగ్గర చెక్కల మీద దేవుని పటాలు రాయడం నేర్చుకుందట. ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాసకాలంలో నలుగురైదుగురు ఆడవాళ్లను చేర్చుకుని, మౌనంగా ప్రార్థనా పనీ చేయించేది. నేను గోడలకు జాజు, అదే ఎర్రమట్టి, పూసి ముగ్గులు బాగా వేస్తానని ఎవరో చెబితే, నా చేతికి కుంచె ఇచ్చింది.

మా ఆయన అప్పుడు కూలిపనికి రాయచూరు వైపు పోయి ఉన్నాడు. రూతును మా అత్త దగ్గర వదిలిపెట్టాను. అది ఏడవలేదు. నా కొంగు పట్టుకుని వాకిలి దాకా వచ్చి, మేకపిల్ల కనబడగానే కొంగు వదిలేసి దాని వెనక పరుగెత్తింది. నేను దాన్ని చూడటం అదే ఆఖరు.

ఆ పని మనం వేసే బొమ్మల్లాంటిది కాదు. చెక్క మీద బట్ట అతికించి, సరేసు జిగురు కలిపిన సుద్దను పొరమీద పొర పూసి, నున్నగా అరగదీయాలి. రంగుపొడిలో గుడ్డు సొన కలపాలి. ఉపవాసంలో మేం గుడ్డు ముట్టకూడదు, రంగు మాత్రం రోజూ తినేది. మరియమ్మ పైవస్త్రానికి పూసింది మా గోడల జాజే. ముఖాలకు మొదట నల్లగా కనబడే మట్టిపచ్చ రంగు పూసి, దానిమీద కొంచెం కొంచెంగా వెలుగు తేవాలి. పాత పటంలో ఎలా ఉంటే అలాగే రావాలి. రాసేవాళ్లు సొంతంగా ఒక్క గీత కలపకూడదు. అది అక్కడ కట్టుబాటు.

ఉపవాసకాలం చివర్లో, మట్టల ఆదివారానికి ముందు శుక్రవారం నాడు మరియమ్మ ఒడిలోని బాలయేసు ముఖం పూర్తయింది. బుగ్గలకు వెలుగు ఎక్కింది. ఎంత ముద్దుగా ఉన్నాడో! నా చేయి నన్ను అడగలేదు. దీపపు మసిలో కుంచె ముంచి, ఎడమ చెంప మీద చుక్క పెట్టేసింది.

అమ్మగారు చూసింది. కోప్పడలేదు. చిన్న కత్తి నా చేతిలో పెట్టి, "తీసెయ్యి అమ్మా. ఈయన నీ బిడ్డ కాదు," అంది.

తడిగుడ్డతో తుడిస్తే మసి పాకింది. అందుకని గీకాను. పెసరగింజంత మేర రంగు లేచిపోయి, లోపలి సుద్ద తెల్లగా బయటపడింది. అప్పుడే బీచుపల్లి ఆంజనేయస్వామి గుడిలో మధ్యాహ్నపు పూజ గంట వినబడింది. సాయంత్రానికి ఆ చోట మళ్లీ రంగు వేసి సరిచేశాను.

సోమవారం సాయంత్రం మా మరిది వచ్చాడు. తడిక దగ్గర నిలబడి తల ఎత్తలేదు. "వదినా, ఇంటికి పోదాం పా," అన్నాడు. ఎందుకని అడగలేదు. ఇద్దరిని పోగొట్టుకున్నదానికి ఆ గొంతు తెలుసు.

నేను చేరేసరికి మట్టి చేసేశారు. ఎండలు మండుతున్నాయి, ఉంచలేకపోయారు. బిడ్డ ముఖం నాకు దక్కలేదు. అత్త నన్ను పట్టుకుని ఏడుస్తూ చెప్పింది.

"శుక్రారం నడినెత్తిన పొద్దున్నది. రొట్టె తినుకుంట కూసున్న పిల్ల ఒక్కసారి కెవ్వుమన్నది. సూస్తే సెంప మీద ఇంత తోలు లేసిపోయింది. కోడి గిట్ల పొడిసిందేమో అనుకున్న. కోడి లేదు, ఎవ్వలు లేరు. రాత్రికే ఒళ్లు కాలవట్టె."

"ఏ చెంప?" అని అడిగాను.

"ఎడమ సెంప. నువ్వు రోజు సుక్క పెడ్తవు సూడు, గాడనే. నువ్వు పోయినంక నేను ఒక్కరోజు గూడ మర్వలే బిడ్డా. ఆ పొద్దు గూడ పెట్టిన."

గాయం చీముపట్టి విషజ్వరమైందని గద్వాల దవాఖానలో డాక్టరు మా మరిదితో అన్నాడట. కావచ్చు. గాయం ఎట్లా అయిందో మాత్రం ఆయనా చెప్పలేదు. కత్తి సంగతి నేను అత్తకు చెప్పలేదు. ఆమె పోయేదాకా, కోడిని కాచుకోలేదని తన్ను తానే తిట్టుకుంటూ బతికింది. ఆ పాపం కూడా నాదే.

రెండు నెలల తర్వాత ఆశ్రమానికి పోయి అమ్మగారికి అంతా చెప్పాను. ఆమె లేచి, మసి నూరి, సొన కలిపి, కుంచె నాకు అందించింది. నా చేయి లేవలేదు. అప్పుడు ఆమే, ఒక్క గీత కలపకూడదన్న ఆ మనిషే, బాలయేసు ఎడమ చెంప మీద చుక్క పెట్టింది. పెట్టి, పటం ముందే కూలబడి ఏడ్చింది.

ఆ తర్వాత నాకు పిల్లలు కలగలేదు. ఆ పటం ఇంకా అక్కడే ఉంది. చుక్క చూసి ఈగ వాలిందనుకుని తోలేవాళ్లున్నారు. దిష్టిని నేను ఇప్పటికీ నమ్మను. చెక్క మీద గీకితే అన్ని కోసుల అవతల బిడ్డ చెంప ఎట్లా తెగుతుందో నాకు తెలియదు, చెప్పగలిగినవాళ్లు దొరకలేదు. నాకు తెలిసింది ఒక్కటే. ఆ శుక్రవారం మధ్యాహ్నం కత్తి నా చేతిలో ఉంది.