ముగింపు తేదీ గడి

ఆఫీసులో అందరూ గోడౌన్ మావయ్య అని పిలిచే ఆయన, పాతికేళ్ళుగా ఒక విడిభాగాల కంపెనీలో గోడౌన్ గుమాస్తా. ఏ బోల్టు ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగల మహానుభావుడు. డేటా వేర్‌హౌస్ నేర్చుకున్నవాళ్ళకే ఇకపై ఉద్యోగమని, నెలాఖరున పరీక్ష ఉంటుందని మేనేజరు ప్రకటించాడు.

"వేర్‌హౌస్ అంటే గోడౌనే కదమ్మా. నాకు పరీక్షేమిటి?" అన్నాడాయన, కంప్యూటర్లు తెలిసిన మేనకోడలితో.

"ఇందులో బోల్టులుండవు మావయ్యా, కంప్యూటర్లో వాటి వివరాల చరిత్ర ఉంటుంది. ముందు ఈ లావు పుస్తకంలో మూడు అధ్యాయాలు చదువు. తర్వాత ఈ ఉచిత వీడియో పాఠాలు చూడు. ఆపైన మీ ఆఫీసు వివరాలతోనే సాధన చెయ్యి. ఒడ్డున కూర్చుంటే ఈత రాదు."

మావయ్య తపస్సుకు కూర్చున్నట్టే కూర్చున్నాడు. మూడు వారాలకు ఒక మర్మం బోధపడింది. వేర్‌హౌస్ పట్టికలో పాత వివరాల వరసను చెరపరు, దాని చివర ముగింపు తేదీ గడి నింపుతారు. సిబ్బంది పట్టికలోనైతే, ఉద్యోగంలో ఉన్నవాళ్ళకు ఆ గడి ఖాళీగా ఉంటుంది.

సాధన కోసమని మేనేజరు సరిగా చూసుకోకుండా ఇచ్చిన సిబ్బంది పట్టికను ఆయన తెరిచాడు. ఆ గడి మిగతా అందరికీ ఖాళీగానే ఉంది. ఆయన వరసలో మాత్రం ఒక తేదీ ఉంది. అది పరీక్షకు ముందురోజుది.

మర్నాడు మేనేజరు ఆయన బల్ల దగ్గర ఆగి, నవ్వుతూ భుజం తట్టాడు. "చదువు ఎంతవరకు వచ్చింది మావయ్యా?"

"అర్థమయ్యేంత వరకు వచ్చిందండి," అన్నాడు మావయ్య.