రెండు మెట్లు దించిన పాట

మా తండా గూడూరు దగ్గర, అడవి అంచున ఉంటుంది. ఇంట్లో మేం లంబాడీలో మాట్లాడుకుంటాం. తెలుగు నాకు బడిలో వచ్చింది, గిటారు తొర్రూరులో చేరిన ఆర్కెస్ట్రాలో వచ్చింది. ఆ తర్వాత గిటారు సౌండును రకరకాలుగా మార్చే ఎఫెక్ట్స్ ప్రాసెసర్ అనే నల్ల డబ్బా ఒకటి సెకండ్ హ్యాండులో నా కాళ్ల ముందుకు వచ్చింది. దాని తెర మీద కనిపించేవన్నీ సగం సగం విరిచేసిన ఇంగ్లీషు మాటలు. ఏది దేనికో చెప్పేవాళ్లు మా బృందంలో లేరు.

చిన్న తెర, దాని కింద మూడు గుండ్రటి నాబ్‌లు, ముందు వైపు కాలితో ఒత్తే రెండు స్విచ్‌లు, కుడి పక్కన పాదం పట్టేంత పెడల్. ఎడమ స్విచ్ ఒత్తితే వెనకటి సౌండు వస్తుంది, కుడిది ఒత్తితే తర్వాతిది. రెండూ కలిపి ఒత్తితే గిటారు శ్రుతి చూసుకోవడానికి ట్యూనర్ వస్తుంది, అంతసేపూ గిటారు మూగపోతుంది. ఈ చివరి సంగతి నాకు పాలకుర్తిలో, ఒక పెళ్లి పందిట్లో, మధ్యాహ్నం పూట పాట నడుస్తుండగా తెలిసింది.

ఆరోజు కొత్త బూట్లు వేసుకున్నాను. సౌండు మార్చబోతే వెడల్పాటి బూటు రెండు స్విచ్‌ల మీదా పడింది. గిటారు ఆగిపోయింది. వైరు పోయిందనుకుని మోకాళ్ల మీద కూర్చుని పీకి పెడుతున్నాను. కీబోర్డు వాయించే అన్న, ఆయనే మా బృందం పెద్ద, నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. అప్పుడు, మా బృందంలో పాడే అక్క పల్లవి మళ్లీ ఎత్తుకుంది. చేయి పైకెత్తి జనంతో చప్పట్లు కొట్టించి, నేను లేచేదాకా పాటను అలాగే నడిపింది. గిటారు ఆగిందని పెళ్లివాళ్లలో ఎవరూ గమనించలేదు.

ఆ అక్కకు తొర్రూరు బస్టాండు వెనక టైలరింగ్ దుకాణం ఉంది. మర్నాడు డబ్బా తీసుకుని రమ్మంది. ఆమె గిటారు ఎన్నడూ పట్టలేదు. నా కాళ్ల వైపు కాసేపు చూసి, "బూట్లు ఇడువు తమ్మీ. వట్టి కాలుకు తెలుస్తది, బూటుకేం తెలుస్తది" అంది. పెడల్ ఎలా నొక్కాలో తన కుట్టు మిషన్ మీద చూపించింది. నేను అప్పటిదాకా కాలంతా వేసి తొక్కేవాణ్ణి. మడమ కదలకుండా వేళ్లతో మెల్లగా వంచాలని ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

అప్పటినుంచి ప్రోగ్రాం లేని రోజుల్లో అక్కడే కూర్చునేవాణ్ణి. నేను నాబ్ తిప్పేవాణ్ణి, ఆమె కుడుతూ వినేది. సౌండును మార్మోగించే రివర్బ్ ఎక్కువైతే బాయిల కూసోని వాయించినట్టున్నదనేది. గరగరలాడించే డిస్టార్షన్ పెంచితే పాత గుడ్డ చింపినట్టున్నదనేది. ఆ మాటలను పట్టుకుని తగ్గించుకుంటూ పోతే సౌండు ఎక్కడో ఒకచోట కుదిరేది. ఒకసారి పూటంతా కూర్చుని నాలుగు సౌండ్లు తయారు చేశాను. స్టోర్ బటన్ నొక్కకుండా స్విచ్ మార్చేసరికి అన్నీ పోయాయి. నేను తల పట్టుకుంటే ఆమె నవ్వి, "మొత్తం కుట్టినవ్, ముడెయ్యలే" అంది.

అలా మూడు నాలుగు పెళ్లి సీజన్లు గడిచాయి. తర్వాత ఆమె గొంతు బొంగురుపోయింది. వరంగల్ దవాఖానలో గొంతులో స్వర తంతువులు వాచాయని, మూడు నెలలు మాట్లాడొద్దని చెప్పారు. ఆ మూడు నెలలూ బట్టల మీద గీత గీసే సుద్దతో గుడ్డముక్కల మీద రాసి చూపించేది. మాట తిరిగి వచ్చింది కానీ పై స్వరాలు రాలేదు. రిహార్సల్లో చరణం పైకి వెళ్లేచోట గొంతు చీలిపోయింది. మైకు కట్టేసి, తనకు కుట్టుపని చాలని అన్నతో చెప్పి వెళ్లిపోయింది.

పాటల శ్రుతి దించితే ఆమె మళ్లీ పాడగలదని అన్నా నేనూ అనుకున్నాం. అన్న కీబోర్డులో అందుకు ఒక బటన్ ఉంది. చిక్కంతా నాతోనే. నేను పాటలన్నీ విని, వేళ్ల గుర్తుతో నేర్చుకున్నవాణ్ణి. శ్రుతి మారితే ప్రతి పాటా మొదటి నుంచి నేర్చుకోవాలి. గూడూరు ప్రోగ్రాంకు నాలుగు రోజులే ఉంది. అన్న ఆమె పాడే పాటలకు గిటారు వద్దన్నాడు. నేను ఇంటికి వెళ్లి డబ్బాలోని ఎఫెక్టులన్నీ వరసగా తిప్పి చూశాను. శ్రుతిని మార్చే పిచ్ అన్నచోట ఆగి మొదటి నాబ్‌ను మైనస్ రెండుకు, అంటే రెండు మెట్లు కిందికి తెచ్చాను. అసలు స్వరం, దించిన స్వరం రెండూ కలిసి కొట్లాడుకున్నట్టు వినిపించాయి. మిక్స్ నాబ్ చివరిదాకా తిప్పితే అసలు స్వరం పోయి దించినదే మిగిలింది. నా వేళ్లు పాత చోట్లలోనే ఉన్నాయి, పాట మాత్రం కిందికి దిగింది. స్టోర్ రెండుసార్లు నొక్కాను.

మర్నాడు దుకాణానికి వెళ్లి ఏమీ చెప్పకుండా వాయించాను. ఆమె ముందు తల ఎత్తలేదు. తర్వాత సన్నగా అందుకుంది. చరణం పైకి వెళ్లేచోట గొంతు నిలబడింది. వెంటనే ఆపేసింది.

"ఎంత దించినవ్?"

"రెండు మెట్లక్కా."

"ఎవలకన్న తెలుస్తదా?"

వినేవాళ్లెవరికీ తెలియదన్నాను. ఆమె కత్తెర పక్కన పెట్టింది.

"నాకైతే తెలుస్తది గద తమ్మీ."

ఇన్నేళ్లూ ఏ ఎత్తున పాడిందో ఆ ఎత్తు పోయిందన్న సంగతి ఏ నాబ్ తిప్పినా మారదు. తర్వాత ఆమే, "మళ్ల ఎత్తు, మొదటిసంది" అంది.

గూడూరులో సాయంత్రం పొద్దు ఉండగానే పాడింది. మా అమ్మ తండా ఆడవాళ్లతో వచ్చి ముందు వరసలో కూర్చుంది. అయిపోయాక నాతో, ఈసారి ఆమె పాట పక్కన కూర్చుని చెప్పినట్టుందని అంది. శ్రుతి సంగతి అమ్మకు తెలియదు. ఆ మాట అక్కకు చెప్పాను. అమ్మ దాన్ని ఏ మాటల్లో అన్నదో అలాగే లంబాడీలో చెప్పమంది. అర్థం కాకపోయినా రెండుసార్లు చెప్పించుకుంది.

ఆ తర్వాత బృందం ఉన్నన్నాళ్లూ అక్క ఆ శ్రుతిలోనే పాడింది, దాచుకోకుండా, స్టేజీ మీదే నాకు "రెండు దించు" అని చెప్పి. పెళ్లిళ్లలోకి డీజేలు వచ్చాక మేం విడిపోయాం. నేను మానుకోటలో పిల్లలకు గిటారు నేర్పుతున్నాను. తొర్రూరు మీదుగా పోయినప్పుడల్లా బస్సు దిగి ఆమె దుకాణానికి వెళ్తాను. ఆమె చాయ్ తెప్పిస్తుంది. ఇంటి సంగతులు మాట్లాడుకుంటాం, తర్వాతి బస్సుకు పోతాను.