ఆ రాయి అప్పటికి రానే లేదు

మీ ఇంటి కోడలి స్కాన్‌లో తేడా కనబడితే మీరు ముందు డాక్టరును ప్రశ్నిస్తారా, ఇంట్లో దోషిని వెతుకుతారా?

మా ఇంట్లో రెండోదే జరిగింది. మాది మాచర్ల దగ్గర దుర్గి. మా ఆయన రాతి శిల్పి. మూడో నెల స్కాన్‌కు మాచర్ల వెళ్లాం. అప్పటిదాకా కబుర్లు చెబుతున్న డాక్టరమ్మ ఉన్నట్టుండి స్క్రీన్ తన వైపు తిప్పుకుంది. నాకు అనుమానం అక్కడే మొదలైంది.

"ట్విన్స్ అమ్మా. కానీ కన్‌జాయిన్డ్ లాగున్నారు. ఛాతీ దగ్గర అతుక్కుని."

ఇంటికి రాగానే మా అత్త తన కొడుకు మీద పడింది. "ఏందిరా, పెళ్లాం కడుపుతో ఉంటే పెనవేసుకున్న పాముల్ని చెక్కుతావా? వద్దని చెప్పలా?"

పిల్లలు లేనివాళ్లు మొక్కుకుని ప్రతిష్ఠించే జంట నాగుల రాయి, వాకిట్లో సగం చెక్కి ఉంది. ఆయన ఉలిని గోనెపట్టాలో చుట్టేశాడు. "అమ్మ మాటలో ఏదో ఉందేమోనే" అన్నాడు. మూఢనమ్మకాలు వద్దని ఊరూరా సభల్లో మాట్లాడిన నేను ఇంట్లో ఒక్క మనిషిని ఒప్పించలేకపోయాను.

నా అనుమానం మాత్రం స్కానింగ్ సెంటర్ మీద. మెషీన్ పాతదేమో, పెద్దాసుపత్రికి పంపితే కమీషనేమో. గుంటూరులో కడుపులోని బిడ్డల్ని చూసే ఫీటల్ మెడిసిన్ డాక్టరుతో, "చెబితే నమ్మను, చూపించండి" అన్నాను. ఆయన కోప్పడలేదు. నన్ను పక్కకు తిప్పి చూశాడు. కాసేపు నడిచి రమ్మని మళ్లీ చూశాడు.

"చూడండమ్మా, ఒకరు కదిలితే రెండోవారూ కదులుతున్నారు. ఎక్కడా విడిపోవడం లేదు. ఇద్దరికీ గుండె ఒక్కటే."

కొన్ని వారాల తర్వాత కడుపులో బిడ్డల గుండెను చూసే ఫీటల్ ఎకో స్కాన్ కూడా అదే చెప్పింది. ఆ గుండెను పంచే ఆపరేషన్ లేదన్నారు. నా అనుమానం ఓడిపోయింది.

మా ఆయన తల వంచుకునే అడిగాడు: "నా పని వల్లనా సార్?"

"ఒకే పిండం రెండుగా విడిపోతూ మధ్యలో ఆగిపోయింది. మీ ఆవిడకు నెల తప్పిందని తెలిసేలోపే జరిగిపోయింది."

ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "అప్పటికి ఆ రాయి క్వారీ నుంచి రానే లేదు సార్!"

"ముందే వచ్చినా ఏం కాదయ్యా" అన్నాడు డాక్టరు.

గర్భం తీయించుకున్నాను. పురిటి నొప్పులే పడ్డాను. మూడో రోజు పాలు పడ్డాయి. అలా అవుతుందని ఎవరూ ముందు చెప్పలేదు. కన్నీళ్లు అప్పుడు వచ్చాయి.

మా ఆయన ఆ రాయి పూర్తి చేశాడు. మళ్లీ నెల తప్పినప్పుడు అత్త ఉలి దాచేస్తే, వెతికి తెచ్చుకుని మరీ చెక్కాడు. ఇప్పుడు పాపకు రెండేళ్లు. "ఆ రాతి దుమ్ములో పిల్లని కూర్చోబెట్టమాకండి, చానా దగ్గొస్తది" అంటుంది అత్త. ఆమె మాటల్లో డాక్టరు కూడా ఒప్పుకున్నది అదొక్కటే.

మొదటి స్కాన్ చూసి ఏ నిర్ణయానికీ సంతకం పెట్టకండి. ఫీటల్ మెడిసిన్ డాక్టరు దగ్గర మరోసారి చేయించండి. పిల్లలు విడిగా కదులుతున్నారా, గుండెలు ఎన్ని అని నోరు తెరిచి అడగండి. ఇంట్లో ఎవరైనా ఎవరి మీదైనా వేలెత్తితే, ఆ వేలు పట్టుకుని తేదీ అడగండి.