కిటికీ మోసిన నింద

అపొలోనియ పెద్దమ్మ ఇంట్లో ముప్పై నాలుగేళ్ళుగా రెండు కిటికీలు ఒకేసారి తెరుచుకోలేదు. ఒకటి తెరవాలంటే రెండోది మూసి గడియ పెట్టాలి, నడిమి తలుపు కూడా వేయాలి. నేను ఆ ఊరి నర్సుని, పేరు విదా. ఆవిడ కాలి పుండుకు కట్టు మార్చడానికి ప్రతి మంగళవారం వెళ్ళేదాన్ని. వీధి తలుపు తీసీ తీయగానే లోపలినుంచి "తలుపు" అనే ఒక్క మాట వచ్చేది. పలకరింపు ఆ తర్వాతే.

మా వాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. మా విపావ లోయలో చలికాలం బూర్య అనే గాలి వీస్తుంది. రోడ్డు మీద లారీలను బోర్లా పడేస్తుంది. అది పెంకులు ఎగరగొట్టకుండా ఇంటి కప్పుల మీద బండరాళ్ళు పెట్టుకుంటాం. ఆ గాలికి మాలో ఎవరికీ భయం లేదు, దాంట్లో నిలబడి గంటసేపు కబుర్లు చెప్పుకుంటాం. కానీ ఇంట్లో ఎదురెదురు కిటికీల మధ్య దూసుకొచ్చే సందుగాలి అంటే మాత్రం హడలిపోతాం. మెడ పట్టేసినా, పన్ను సలిపినా, కోడలికి కోపం వచ్చినా సందుగాలే కారణం. మూడేళ్ళు నర్సు చదువు చదివిన నేనూ బస్సులో ఎవరైనా రెండో కిటికీ తీస్తే లేచి మూసేదాన్నే. ఈ విషయంలో నన్ను నేను వెనకేసుకురాను.

అపొలోనియ కథ మాత్రం వేరు. ఆవిడ సందుగాలికి భయపడడం కాదు, ఆ గాలితో తన మొగుణ్ణి చంపానని నమ్మింది. జూలై నెల, మిట్టమధ్యాహ్నం, మతియ ఎత్తు పొలంలో గడ్డి కోసి చెమటలు కారుతూ ఇంటికొచ్చాడు. ఉక్కగా ఉందని, ఊపిరాడడం లేదని అన్నాడు. ఆవిడ రెండు వైపులా కిటికీలు బార్లా తెరిచింది. ఆయన వంటింట్లో బల్ల మీద పడుకుని, "హమ్మయ్య" అన్నాడట. మంచినీళ్ళు తెచ్చేలోపు పోయాడు. నలభై తొమ్మిదేళ్ళు. శవం ఇంట్లో ఉండగానే ఆయన తల్లి ఊర్షుల, వచ్చినవాళ్ళందరూ వింటుండగా, "చెమట పట్టిన మనిషి మీదకి గాలి వదిలింది" అంది. ఊరు తలూపింది. అపొలోనియ కూడా తలూపింది.

అలాగని ఆవిడ మూలన కూర్చుని ఏడ్చే మనిషి అనుకోకండి. ఎనభై ఒక్క ఏళ్ళ వయసులో పేకాటలో నా కళ్ళముందే ముక్క మార్చేది, పట్టుకుంటే "నీ కళ్ళద్దాలు తుడుచుకోవే" అనేది. రోజూ భోజనంతో చిన్న గ్లాసుడు ద్రాక్షసారా, అది కూడా తన తోటదే అయి ఉండాలి. మొక్కజొన్న సంకటి మీద పంది కొవ్వు వేయించి, కరకరలాడే ముక్కలతో సహా గరిటెడు గుమ్మరించేది. వద్దంటే నా ఒంటి మీద ఎముకలు లెక్కపెట్టేది. నవ్వితే పక్కింటి కుక్క మొరిగేది. కిటికీల ఊసెత్తితే మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరుకునేది.

ఆవిడకు ఒక్కడే కొడుకు సిరిల్. యాభై ఆరేళ్ళవాడు, వడ్రంగి, పెళ్ళి చేసుకోలేదు. మా ఊరి చర్చి గంటలు అతని చేతిలోనే ఉన్నాయి. పక్క ఊళ్ళన్నీ కరెంటు పెట్టించుకున్నా మా ఊళ్ళో గంట ఇంకా మనిషే కొడతాడు. తాళ్ళు ఎప్పుడో చివికిపోయాయి కాబట్టి గోపురం పైదాకా తొంభై నాలుగు మెట్లు ఎక్కాలి. పండగ రోజుల్లో మూడు గంటల లోపల వేలాడే ఇనప నాలుకలు చేత్తో పట్టుకుని, ముగ్గురు మనుషులు తాళం తప్పకుండా వాయిస్తారు. ఆ ముగ్గురికీ పెద్ద సిరిల్. ఆ పని లేకపోతే తనకి ఇంకేం లేదని తాగినప్పుడు ఒకసారి నాతో అన్నాడు.

ఆ ఏడు వసంతంలో మధ్యాహ్నం గంట ఆలస్యం కావడం మొదలైంది. మొదట నిమిషం, తర్వాత రెండు, ఈస్టర్ దాటాక మూడు. అపొలోనియ తమ గోడ గడియారమే ముందు నడుస్తోందంది. నేను సిరిల్‌ని అడిగితే గోపురం మెట్ల దగ్గర సందుగాలి ఛాతీకి పట్టిందన్నాడు. నేనేం చేశానో తెలుసా? ఉన్ని బనీను వేసుకోమన్నాను. ఇరవై ఎనిమిదేళ్ళ అనుభవం ఉన్న నర్సుని.

మే నెలలో ఒక మంగళవారం గంట కోసం చూసి చూసి నేనే గోపురం ఎక్కాను. నలభై ఒకటో మెట్టు దగ్గర చిన్న కిటికీ ఉంది. సిరిల్ అక్కడ గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. మొహం బూడిద రంగులో ఉంది, నుదుటి మీద చెమట, పిడికిలి బిగించి రొమ్ము మధ్యలో పెట్టుకున్నాడు. ద్రాక్షతోటలు చూస్తున్నానన్నాడు. మూడు నిమిషాల్లో రంగు తిరిగొచ్చింది, మిగతా మెట్లు ఎక్కి గంట కొట్టాడు. ఆ పిడికిలి చూశాక నాకు సందుగాలి గుర్తుకే రాలేదు. నా మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

ఆస్పత్రికి రమ్మంటే రానన్నాడు. డాక్టర్లు ముందు గోపురం ఎక్కొద్దంటారని అతని భయం. బతిమాలాను, తిట్టాను, లాభం లేకపోయింది. చివరికి వాళ్ళమ్మతో చెప్పాను. ఆవిడ చేతిలో ఉన్న గరిటె పొయ్యి మీద పెట్టి, కిటికీల వంక చూసింది.

"ఎక్కడో సందు వదిలేశానే విదా. ముందు వాళ్ళ నాన్న, ఇప్పుడు వీడు. నేనింక ఏ మొహంతో ఆయన దగ్గరికి పోను?"

ఆ తర్వాత కొడుకు ఇస్త్రీ చొక్కా తీసి కుర్చీ మీద పడేసి, బస్సు ఎన్నింటికని నన్ను అడిగింది. సిరిల్ ఆ చొక్కా తొడుక్కున్నాడు. ఆవిడ కూడా బయల్దేరింది, నల్ల పట్టు గౌనుతో, నేరం ఒప్పుకోవడానికి వెళ్తున్నట్టు.

కింద పట్నంలో డాక్టర్ జీవా అనే అమ్మాయి కొత్తగా వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో, మాట మెత్తన. రక్తపోటు చూసింది, ఎక్కువే ఉంది. సిగరెట్లు ఎన్నని అడిగింది. పదన్నాడు, నేను దగ్గితే ఇరవై అన్నాడు. వైర్లు పెట్టి గుండె గీతలు తీసింది. గీతలు చక్కగా ఉన్నాయి.

"చూశావా, గుండె బంగారంలా ఉంది, ఇదంతా గాలే" అని అపొలోనియ నా డొక్కలో పొడిచింది.

పడుకున్నప్పుడు గుండెకి పెద్ద పనేమీ ఉండదు కాబట్టి గీతలు బాగానే ఉండొచ్చని డాక్టర్ చెప్పింది. ఛాతీలో నొప్పి వస్తుందా అని అడిగింది. లేదన్నాడు సిరిల్. అది అబద్ధం కాదు, అతను దాన్ని ఎప్పుడూ నొప్పి అనలేదు. ఆ అమ్మాయి ప్రశ్న మార్చింది.

"ఎక్కేటప్పుడు ఏ మెట్టు దగ్గర ఆగుతున్నారు?"

"నలభై ఒకటి."

"ఈస్టర్‌కి ముందు?"

"అరవై రెండు."

"పోయినేడు?"

"పోయినేడు ఎందుకాగుతాను, నాకేం జబ్బా?" అన్నాడు, అనేసి నాలుక కరుచుకున్నాడు.

ఆగినప్పుడు ఎలా ఉంటుందంటే, ఎవరో రొమ్ము మీద మోకాలు పెట్టి కూర్చున్నట్టుంటుందన్నాడు. తోటలు చూస్తూ కాసేపు నిలబడితే ఆ మోకాలు లేచిపోతుందట. తోటలు చూడకపోయినా లేచిపోతుందని, ఆగడమే దానికి మందని డాక్టర్ అంది. గుండెకి రక్తం తీసుకెళ్ళే గొట్టం ఇరుకైతే, పని పెరిగినప్పుడు రక్తం చాలదని, అప్పుడు చాలామందికి నొప్పి కాకుండా ఇలా బరువే తెలుస్తుందని విడమరిచి చెప్పింది. తర్వాత కాగితం మీద తలవంచుకుని అడిగింది.

"మీ నాన్నగారు ఉన్నారా?"

"లేరండీ. నలభై తొమ్మిదేళ్ళకే పోయారు."

"దేనివల్ల?"

సిరిల్ బూట్లు చూసుకున్నాడు.

"నా వల్ల" అంది అపొలోనియ.

డాక్టర్ పెన్ను కింద పెట్టింది. పెద్దమ్మ జూలై మధ్యాహ్నం సంగతి, కిటికీల సంగతి, అత్తగారి మాట అన్నీ ఏ తడబాటూ లేకుండా చెప్పింది. ముప్పై నాలుగేళ్ళు మనసులో చెప్పుకున్న పాఠం అది. అంతా విని, ఆ వేసవిలో ఆయన పొలంలో పని ఎలా చేసేవాడని డాక్టర్ అడిగింది. ఆ ప్రశ్నకి పెద్దమ్మ మొహం వెలిగింది. ఆ ఏడు మతియ కొడవలి నూరినంత శ్రద్ధగా లోయలో ఎవరూ నూరలేదని మొదలుపెట్టింది. మా గడ్డి కొడవళ్ళు మనిషంత పొడుగు పిడితో ఉంటాయి, కోసేవాడు సానరాయి నడుముకి కట్టుకునే ఉంటాడు. మతియ అలా నూరి నూరి ఆ కొడవలి రేకులా పలచబడిందట. ఎంత పనిమంతుడో చూడమంది.

"అంతకు ముందేడు ఎన్నిసార్లు నూరేవారు?"

"వరస చివర ఒకసారి. అందరూ అంతేగా."

"ఆ ఏడు?"

"పది విసుర్లకోసారి. ఎత్తు పొలంలో అయితే అయిదారు విసుర్లకే..."

ఆవిడ అక్కడ ఆగిపోయింది.

"అవ్వా, కొడవలి మొద్దుబారలేదేమో" అంది డాక్టర్. "ఆగడానికి ఆయనకొక సాకు కావలసొచ్చిందేమో. నేను చూడలేదు కాబట్టి ఒట్టేసి చెప్పలేను. కానీ ఆయన ఇంట్లోకి వచ్చేసరికే ఊపిరాడడం లేదన్నారు. మీరు కిటికీ తెరిచింది ఆ తర్వాత."

పెద్దమ్మ ఒప్పుకోలేదు. బస్సులో, "పిల్ల మంచిది, ముసల్దాన్నని ఓదార్చింది" అంది.

తర్వాతి వారం సిరిల్‌ని కదిలే పట్టా మీద నడిపించారు. నాలుగో నిమిషంలో గీతలు కిందికి జారాయి, మోకాలు వచ్చి కూర్చుంది. సముద్రం ఒడ్డున ఉన్న పెద్దాసుపత్రికి పంపారు. మణికట్టులోంచి సన్నటి గొట్టం గుండెదాకా పోనిచ్చి, రంగు మందు వదిలి చూస్తే, ముందువైపు రక్తనాళం ఒకచోట దారపు పోగంత మిగిలింది. అక్కడే చిన్న జాలీ గొట్టం పెట్టి వెడల్పు చేశారు. సిరిల్ మూడో రోజు ఇంటికొచ్చాడు. సిగరెట్లు ఇంక ముట్టకూడదు, మాత్రలు ఒక్కపూటైనా మానకూడదు, పంది కొవ్వు బదులు ఆలివ్ నూనె వాడాలి. మెట్లు ఎక్కొచ్చా అంటే, ఆరు వారాల తర్వాత ఎక్కడం కూడా మందేనన్నారట. ఆ మాట నాకు చెప్తూ అంత మనిషీ కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను, ఎందుకు దాచాలి.

ఆలివ్ నూనె వేసుకున్న సంకటి తింటుంటే చర్చి నూనెదీపం మింగుతున్నట్టుందని పెద్దమ్మ రోజూ గొణిగేది. గొణుగుతూనే వండేది.

ఒక మంగళవారం వెళ్తే, ఆస్పత్రి వాళ్ళిచ్చిన సిరిల్ గుండె నాళాల బొమ్మను బల్ల మీద పరిచి భూతద్దంతో చూస్తోంది. నేను తలుపు తెరిచి లోపలికొచ్చినా ఆ రోజు "తలుపు" అనలేదు.

"ఇదిగో ఈ ఇరుకు. ఇందులోకి గాలి ఎక్కణ్ణుంచి దూరుతుంది?"

దూరదని చెప్పాను, రక్తం తప్ప ఇంకేదీ వెళ్ళే దారి లేదని. మరి అక్కడ ఉన్నదేంటంది. కొవ్వు, సున్నం, పొగ చేసిన గాయాలు అన్నాను. రక్తపోటు నెట్టుకుంటూ, వంశంలో వచ్చే గుణం తోడై, ఏళ్ళ తరబడి పేరుకుంటుందని చెప్పాను.

"ఎన్నేళ్ళు?"

"కుర్రతనంలోనే మొదలవుతుంది పెద్దమ్మా. ఇరవై, ముప్పై ఏళ్ళు పడుతుంది."

ఆవిడ వేళ్ళు మడిచింది. పెళ్ళినాటికి మతియకి ఇరవై ఆరు. ఆ పైన ఇరవై మూడేళ్ళు తన వంట. మళ్ళీ మొదటినుంచి మడిచింది. మొహంలోకి రంగెక్కడం నేను చూశాను.

"అంటే నేను కాపరానికి రాకముందే మొదలైందా? మా అత్త వంటింట్లో?"

శాలువా ఎక్కడుందని అడిగింది. బయట జూన్‌లో కూడా ఒకోసారి వచ్చే పిచ్చి బూర్య వీస్తోంది, కాలి కట్టు సగమే వేశాను. ఆగమంటే ఆగలేదు. నా చెయ్యి పట్టుకుని, నన్ను ఈడ్చుకుంటూ కొండవాలు శ్మశానానికి నడిచింది. మతియ, ఊర్షుల ఒకే రాయి కింద ఉన్నారు. ఆవిడ ముందు అత్తగారి పేరు వైపు వేలు చూపించింది.

"ఇరవై ఆరేళ్ళు గిన్నెల కొద్దీ కొవ్వు తాగించింది నువ్వు. శవం దగ్గర నలుగుర్నీ పిలిచి నన్నంది నువ్వు. నా వంతు నేనూ పోశాను, కాదనను. కిటికీ జోలికి మాత్రం ఇంక రాకు."

పక్క సమాధి దగ్గర పూలు మారుస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు చేస్తున్న పని ఆపేసి విన్నారు. నాకు నవ్వాగలేదు. పెద్దమ్మ కూడా నన్ను చూసి నవ్వింది, దంతం లేని చోటు కనిపించేలా, ఒళ్ళంతా ఊగేలా. శాలువా ఎగిరిపోతే పరిగెత్తి తెచ్చాను.

నేను తిరిగొచ్చేసరికి ఆవిడ రాతి అంచు మీద కూర్చుని ఉంది. గొంతు తగ్గించి మతియతో మాట్లాడుతోంది. రొమ్ము మీద అంత బరువు పెట్టుకుని కొడవలి నూరుతూ నిలబడ్డావా అంటోంది.

"నాకొక్క మాట చెప్పొద్దూ? చెప్పుంటే కిటికీలేంటి, గోడే పడగొట్టించేదాన్ని నీకు గాలాడేలా."

అప్పుడు ఏడ్చింది. ముప్పై నాలుగేళ్ళలో తన తప్పు గురించి కాకుండా, ఉత్తినే మతియ కోసం ఏడవడం అదే మొదటిసారి.