మట్టికొండ మీద మా అక్క కొర్రచేను

మొన్న ఆదోనిలో డాక్టరమ్మ నా రక్తపరీక్ష చీటీ చూసి, షుగరు పెరిగింది, అన్నం తగ్గించి కొర్రలు తినమని చెప్పినప్పుడు నాకు నవ్వాగలేదు. వరి అన్నం పండగనాడు మాత్రమే చూసి, మిగతా ఏడాదంతా జొన్నలూ కొర్రలూ తిని పెరిగినవాణ్ణి. చెప్పినమాట విని, బజారులో అరకిలో సంచి కొని, ఆస్పరి బస్సెక్కి ఒళ్ళో పెట్టుకున్నానో లేదో, ఎక్కడో చినుకు పడినట్టుంది, కిటికీలోంచి తడినేల వాసన వచ్చింది. ఆ వాసనతో పాటు మా అక్క వచ్చి పక్కన కూర్చున్నట్టయింది. ఇంట్లో పిల్లలకు చెబితే ఫోను పక్కనపెట్టి వినే ఓపిక ఉండదు కాబట్టి, నా ఈడువాళ్ళైన మీతోనే చెప్పుకుంటున్నాను.

మా ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో సుగ్గికి పోవడమంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు. వానలు ముఖం చాటేసిన ఏడు ఇంటికి తాళంవేసి, మేకలను పక్కింటికి అప్పజెప్పి, పని ఉన్న వైపు లారీ ఎక్కడమే సుగ్గి. ఎక్కువమంది మిరపకాయలు కోయడానికీ పత్తి తీయడానికీ తూర్పుకు పోయేవాళ్ళు. ఒక ఏడు మాత్రం మా ముప్పైమంది జట్టుకు గోదావరి వైపు బొగ్గుగనుల దగ్గర పని దొరికింది. పదో తరగతి దాకా చదివాననీ, అధికారుల ముందు నోరు విప్పి మాట్లాడగలననీ నన్ను జట్టుకు మేస్త్రీని చేశారు. మాట్లాడగలననేది ఎంత నిజమో ముందుముందు మీకే తెలుస్తుంది.

బొగ్గు తవ్వాలంటే దాని మీదున్న మట్టినీ రాతినీ ముందు తీసి ఎక్కడో ఒకచోట పోయాలి కదా, అలా పోసి పోసి అక్కడ ఒక కొండే లేచింది. ఊరికే కుప్పపోస్తే వానకు జారి కింది పొలాల మీద పడుతుంది కనుక దాన్ని మెట్లు మెట్లుగా కట్టేవాళ్ళు. టిప్పర్లు ఒక మెట్టు పోసేవి, డోజర్లు చదునుచేసి అణిచేవి, ఒక వానాకాలం అది కుదురుకునేదాకా ఆగి, ఆ తర్వాతే కొంచెం లోపలికి జరిపి ఇంకో మెట్టు మొదలుపెట్టేవాళ్ళు. కుదురుకున్న మెట్టు ఏటవాలుకు మేము రాతికట్టలు పేర్చి, మంచి మట్టి పరిచి, కొబ్బరిపీచు వల కప్పి, గడ్డీ కానుగమొక్కలూ నాటాలి. మా వైపు చేలల్లో గుండ్లు ఏరి గట్లు వేసి వేసి కాయలు కాచిన చేతులకు అదేమంత కొత్త పని కాదు. నీళ్ళు ఎక్కడ కోస్తాయో ఏటవాలును చూడగానే చెప్పేవాళ్ళం. మా ఇంజనీరు నెమ్మదైన మనిషి, మా కట్టలు చూసి తృప్తిగా తల ఊపేవాడు.

జట్టులో మా అక్క కూడా ఉండేది. ఆమెను ఎమ్మిగనూరు దగ్గర ఒక పల్లెకు ఇచ్చారు. బావ పోయాక, పిల్లలు లేని మనిషికి చేనెందుకని మరుదులు పంచేసుకుంటే, ఎదురుచెప్పకుండా మా దగ్గరికి వచ్చేసింది. వచ్చేటప్పుడు తెచ్చుకున్నదల్లా బావ చేతులమీదుగా చివరిసారి పండిన కొర్రల విత్తనం, బూడిద కలిపి గుడ్డలో కట్టిన చిన్న మూట. ఎర్రని పొడుగు కంకి వేసే ఆ రకం మా వైపు అప్పటికే కనుమరుగవుతోంది. విత్తనాన్ని ఎంత జాగ్రత్తగా దాచినా కొన్నేళ్ళకొకసారి నేలలో పడకపోతే మొలక చచ్చిపోతుంది. మాకు సెంటు భూమి లేదు, అందరం కూలికి పోయేవాళ్ళమే. ఒక్క పంట వేసుకుని కొత్త విత్తనం తీసుకుంటానని ఆమె మూడేళ్ళుగా ఎంతోమందిని అడిగింది, ఎవరూ జానెడు నేల ఇవ్వలేదు.

మృగశిర కార్తెలో అక్కడ మంచి వాన పడింది. గని తవ్వేముందు నేల పైపొర గీకి తెచ్చిన మట్టిని రెండో మెట్టు మీద ఒక పక్కగా మోకాలెత్తున పరిచి ఉంచారు. అది తర్వాత ఏటవాలుకు వాడడానికి దాచిన మట్టి. మా అక్క కంటికి మాత్రం పనంతా ముగిసి, ఇక విత్తడమే తరువాయిగా ఉన్న చేనులా కనబడింది. ఆమెను తప్పుపట్టలేను, మా వైపు ఎవరికైనా అలాగే కనబడుతుంది. పదును వచ్చిన నేలను, అంటే విత్తడానికి సరిపడా తడి అందిన నేలను, ఖాళీగా వదిలిపెట్టడం మాకు చేతకాదు. పొద్దున మేము పనిలోకి పోయేసరికి ఆమె చీర ఎగ్గట్టి, పారతో సాళ్ళు తీసి, మూటలో ఉన్నదంతా విత్తేసింది. కొంచెమైనా ఉంచుకోవాల్సిందంటే, మట్టిచేతులు దులుపుకుంటూ "దాసింది సాలు లేరా తమ్ముడా" అంది.

ఆ కొర్ర చూస్తూండగానే నడుమెత్తుకు లేచింది. అక్క మధ్యాహ్నం సద్ది ఆ చేని అంచునే తినేది, పిచ్చుకలను తోలేది, బావ పోయాక నేను మరచిపోయిన ఆమె నవ్వు ఆ రెండు నెలలూ మళ్ళీ విన్నాను. ఇంజనీరు కింది నుంచి ఆ పచ్చదనం చూసి గడ్డి అనుకున్నాడు. ఇంతలో వానలు ఉండగానే మొక్కలు నాటాలని, రేపటి నుంచి ఆ మట్టి ఎత్తి ఏటవాలుకు పరచమని కబురొచ్చింది. అప్పటికి కంకులు వంగి, గింజలో పాలు గట్టిపడుతున్నాయి.

"పదైదు దినాలు ఆగమని సెప్పు తమ్ముడా. మల్ల వాళ్ళ మన్ను వాళ్ళు తీసుకోనీ" అంది అక్క.

నేను ఇంజనీరు షెడ్డు దాకా పోయాను. అడగకుండా పంట వేసినందుకు జట్టంతటినీ పంపేస్తారేమోనని గుమ్మంలోనే ఆగిపోయాను. ఏం మేస్త్రీ అని ఆయన అడిగితే, రాళ్ళు తక్కువపడ్డాయని చెప్పి వచ్చేశాను. అక్కతో మాత్రం, అడిగాను, ఆయన ఒప్పుకోలేదని చెప్పాను.

మరునాడు డోజరు వచ్చింది. విరిగిన కంకులతో కలిసిపోయిన ఆ మట్టిని అందరితో పాటు అక్కా పారతో ఏటవాలుకు పరిచింది. ఆ తర్వాత ఆమె మళ్ళీ సుగ్గికి రాలేదు, ఆదోనిలో ఒక పత్తి మిల్లులో పనికి కుదిరింది.

మరుసటి ఏడు మా జట్టు మళ్ళీ అక్కడికే పోతే, ఆ వానలకు ఏటవాలు పొడుగునా, గడ్డిలోంచి, కానుగమొక్కల మధ్య నుంచి ఎర్రని కొర్రకంకులు లేచాయి. ఇవెక్కడివని ఇంజనీరు ఆశ్చర్యపోతే, ఇక దాచలేక జరిగినదంతా చెప్పాను. ఆయన వంగి ఒక కంకిని వేళ్ళతో తడిమాడు.

"ఒక్క మాట చెప్పకపోతివి మేస్త్రీ. ఎనుక మంచిమట్టిది ఇంకో కుప్ప ఉండె. ముందుగాల అదే తీయించెటోణ్ణి" అన్నాడు.

దొరికినన్ని కంకులు కోసుకుని నేరుగా ఆదోనికి, అక్క అద్దెగదికి పోయాను. ఒక కంకిని అరచేతిలో నలిపి, పొట్టు ఊది, గింజలను వెలుతురుకు పట్టి చూసి, తనవేనని గుర్తుపట్టింది.

"గింజ తెచ్చినావు సరే. నేల యాడ తెచ్చేది తమ్ముడా?" అంది.

మరునాడు వాటిని దంచి అన్నం వండి, పప్పు వేసి నా ముందు పెట్టింది. నేను ముద్ద కలిపి, నోట పెట్టుకోకుండా పళ్ళెంలోనే వదిలేశాను. పోయిన పంట తలచుకుని బాధపడుతున్నాననుకుని, నా వీపు మీద చెయ్యి వేసింది.

"ఆ ఇంజనీరప్పను తిట్టుకోవద్దురా. ఆయప్ప మాత్రం ఏం జేచ్చాడు, ఆయప్పకూ పైన దొరలుంటారు గదా" అంది.

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. అక్క పోయి చాలా ఏళ్ళయింది. ఆ కొండ ఇప్పుడు దట్టమైన అడవిలా ఉందనీ, మనుషులు పోసిన కొండంటే కొత్తవాళ్ళు నమ్మరనీ అటు పోయివచ్చినవాళ్ళు చెబుతారు. నేనూ మారాను. ఇప్పుడు ఏ ఆఫీసులోనైనా, ఎంతటివాళ్ళ ముందైనా జంకకుండా అడుగుతాను, మా ఊళ్ళో ఎవరికి ఏ పని పడినా నన్నే వెంటబెట్టుకుపోతారు. పదిహేను రోజులు ఆగమని ఒకరిని అడగడం ఇప్పుడు నాకు ఒక లెక్కే కాదు. అడిగిరమ్మని పంపడానికి అక్క లేదు.